పొర లేచిన డ్రెస్సింగ్ టేబుల్: అతికించాలా, ఊడదీయాలా?

ప్రశ్న: 1964లో మా అత్తగారి పెళ్ళికి పుట్టింటివారు పెట్టిన డ్రెస్సింగ్ టేబుల్ మా ఇంట్లో ఉంది. మూడు అద్దాలు, రెండు పక్కలా సొరుగులు, మధ్యలో కూర్చోవడానికి ఖాళీ. కొన్నేళ్ళుగా ఎండాకాలంలో దాని పక్కనే కూలర్ పెడుతున్నందువల్ల కాబోలు, పై బల్లమీద అక్కడక్కడ బొబ్బల్లా లేచింది. ఒక సొరుగు ముఖం మీద బొటనవేలంత ముక్క ఊడి ఎక్కడో పడిపోయింది. 2020 అక్టోబరు వానలకు ఇంట్లోకి నీళ్ళు వచ్చినప్పుడు ఎడమ పక్క చెక్క అడుగున జానెడు మేర నానింది. అక్కడ పొర అట్టలా విడిపోతోంది. వడ్రంగి మొత్తం పీకేసి సన్‌మైకా అంటిస్తానంటున్నాడు. మా అబ్బాయి మిషను పెట్టి గీకిస్తే కింద అసలు టేకు బయటపడుతుందంటున్నాడు. మా అత్తగారు ఏమీ అనరు గాని, రోజూ ఆ బల్లను కొబ్బరినూనె గుడ్డతో తుడుస్తుంటారు. ఏం చేయమంటారు?
ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాదు

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంతోపాటు పంపిన ఫొటోలు కూడా చూశాను. మీ బల్లకు వచ్చినవి మూడు వేర్వేరు జబ్బులు. పైన లేచిన బొబ్బలను ఉన్నచోటే అణచి అతికించవచ్చు. సొరుగుకు అతుకు వేయాలి. ఎడమ పక్క చెక్కకు మాత్రం పైన అంటించిన పలుచటి చెక్క పొరను, అంటే వెనీరును, ఊడదీయక తప్పదు. కాబట్టి మొత్తం పీకేయమనే వడ్రంగి మాటా వద్దు, మొత్తం గీకించమనే మీ అబ్బాయి మాట అసలే వద్దు. వడ్రంగి చెప్పినట్లు చేస్తే బల్ల రూపం మాత్రమే మారుతుంది, అబ్బాయి చెప్పినట్లు చేస్తే బల్లే పాడవుతుంది.

అబ్బాయి మాటకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే ఆ పొరపాటు నేనూ చేశాను. మా నాన్నగారి రాతబల్ల పాలిష్ నల్లబడిందని, అద్దెకు తెచ్చిన సాండింగ్ మిషనుతో ఒక ఆదివారం పొద్దున మొదలుపెట్టాను. పది నిమిషాలపాటు బంగారు రంగు టేకు చారలు ఒక్కొక్కటే తేలుతుంటే ప్రాణం లేచివచ్చింది. తరువాత ఒక మూల దగ్గర దోశ మాడినట్లు గోధుమరంగు మచ్చ కనబడింది. అది మురికి అనుకుని ఇంకాస్త నొక్కిపట్టాను. మచ్చ అరచేయంత అయింది. దానిలో చారలు నిలువుగా కాక అడ్డంగా ఉన్నాయి. అప్పుడు తెలిసింది, నేను చూస్తున్నది మురికి కాదు, టేకు పొర అరిగిపోయి కింద బయటపడిన జిగురు, ఆ జిగురు కింద ప్లైవుడ్ తాలూకు అడ్డ పొర అని. ఆ మూలమీద ఇప్పటికీ ఒక పూలకుండీ ఉంటుంది. ఇంటికి వచ్చినవారు దాన్ని అలంకారం అనుకుంటారు.

వెనీరు అంటే చెక్కను పలుచటి రేకుగా కోసి, మరో చెక్కమీద అంటించే పని. పూర్వం రంపంతో కోసినప్పుడు ఆ రేకు 1 నుంచి 3 మిల్లీమీటర్ల దాకా ఉండేది; కత్తితో రేకులు తీసే యంత్రాలు వచ్చాక అర మిల్లీమీటరుకు, అంతకంటె తక్కువకు కూడా దిగింది. మీ బల్ల కాలానికి ఈ పలుచటి రేకులే ఎక్కువగా వాడేవారు. అర మిల్లీమీటరు మందాన్ని మిషను మీద గరుకు కాగితం ఎంతసేపట్లో తినేస్తుందో చెప్పనక్కరలేదు. ఇక కింద ఉండేది అసలు టేకు అన్న ఆశ గురించి: మంచి చెక్కను అడుగున పెట్టి దానిమీద అదే చెక్క రేకును అంటించేవాడు ఎవడూ ఉండడు. కాళ్ళు, చట్రం, సొరుగు పిడులు గట్టి టేకే కావచ్చు. పలకలుగా కనబడే భాగాల కింద మాత్రం ప్లైవుడ్ గాని, బ్లాక్‌బోర్డు (చెక్క పట్టీలు పేర్చి రెండు వైపులా పొర అంటించిన పలక) గాని, చౌక చెక్క పట్టీలు గాని ఉంటాయి. ఇది తెలియగానే చాలామంది మోసపోయామని బాధపడతారు. అలా బాధపడవలసిన పని లేదు. వెడల్పాటి గట్టి పలక వానకు ఉబ్బి ఎండకు ముడుచుకుని వంగిపోతుంది, పగులుతుంది. అడ్డంగా నిలువుగా పొరలు వేసిన దిమ్మ నిలకడగా ఉంటుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఐరోపా సామాను గదులకు ఈసారి వెళ్ళినప్పుడు చూడండి. 18, 19 శతాబ్దాల ఫ్రెంచి పనితనంలో వెనీరుదే రాజ్యం. రాజుల ఇళ్ళల్లోని బల్లలకు తప్పు కానిది మన డ్రెస్సింగ్ టేబుల్‌కు తప్పు కాదు.

పనిలోకి దిగేముందు తెలుసుకోవలసింది ఒకటుంది: మీ బల్లకు వాడిన జిగురు ఏది? మరమ్మతు పద్ధతి అంతా దానిమీదే ఆధారపడి ఉంటుంది. పాత వడ్రంగులు పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన సరేసు వాడేవారు. అది వేడికి, తడికి కరుగుతుంది. అదే దాని బలహీనత, మరమ్మతు చేసేవాడికి అదే వరం. ఆ తరువాత ఫ్యాక్టరీల్లో రసాయనిక రెజిన్లు వచ్చాయి. అవి ఒకసారి గట్టిపడితే మళ్ళీ కరగవు. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిన తెల్ల జిగురు, ఫెవికాల్ జాతిది, 1959 నుంచి మన బజారులో ఉంది. అది ఈ రెంటికీ నడుమ ఉంటుంది, బాగా వేడి చేస్తే మెత్తబడుతుంది. 1964 నాటి బల్ల అంటే ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. ఎడమ పక్క అడుగున పొర ఊడివచ్చిన చోట ఎండిన జిగురు పెచ్చు చిటికెడు గోరుతో గీకి, ఒక గాజు గ్లాసులో వేడినీళ్ళు పోసి అందులో వేయండి. కాసేపటికి అది ఉబ్బి, వేళ్ళకు బంకగా తగిలి, నీచు వాసన కొడితే సరేసు. తెల్లగా మారి రబ్బరులా సాగితే ఫెవికాల్ జాతి. గాజు పెంకులా అలాగే గట్టిగా ఉండిపోతే రెజిన్. ఇంతకు మించిన ప్రయోగశాల అక్కరలేదు.

అలాగే వెనక్కు తిప్పి, అడుగున, సొరుగుల లోపల టార్చిలైటు వేసి చూడండి. గుండుసూది బెజ్జాల నుంచి పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చుపురుగు ఉన్నట్లు. మట్టి గీతలు కనబడితే చెద. ఆ రెంటిలో ఏది ఉన్నా ముందు పురుగుమందు పని పూర్తయ్యాకే జిగురు పని. ఇక రుతువు సంగతి. వానాకాలంలో చెక్క తేమ పీల్చి ఉబ్బి ఉంటుంది, నడి ఎండాకాలంలో మరీ ఎండి ఉంటుంది. హైదరాబాదులో ఈ పనికి కార్తీకం దాటాక, శివరాత్రి లోపల వచ్చే రోజులు సుఖం. తొందరపడి ఎండలో పెట్టి ఆరబెట్టకండి. లేచిన పొర ఎండకు అప్పడంలా చుట్టుకుని పెళుసెక్కుతుంది.

పని ఎడమ పక్క చెక్కతోనే మొదలుపెట్టమంటాను, కారణం తరువాత చెబుతాను. ముందు అద్దాలు విప్పించి, దుప్పటిలో చుట్టి, నిలువుగా గోడకు ఆనించి పెట్టండి, పడుకోబెట్టకండి. నానిన జానెడు మేరను కింది అంచు నుంచి పరీక్షగా చూడండి. పై పొర ఒక్కటే విడిపోయి, లోపలి ప్లైవుడ్ పొరలు ఒకదానికొకటి పట్టుకుని ఉంటే మీ అదృష్టం. లోపలి పొరలు కూడా పుస్తకం పేజీల్లా విడిపోయి ఉంటే ఆ భాగానికి వెనీరు మార్చినా లాభం లేదు, కుళ్ళిన గోడకు సున్నం కొట్టినట్లే అవుతుంది. ఆ పలకనే మార్చమని వడ్రంగికి చెప్పాలి. ఫొటోను బట్టి చూస్తే మీది మొదటి రకమే అనిపిస్తోంది, గాని చేత్తో నొక్కి చూసినవారి మాటే చివరి మాట.

ఊడదీయడం ఇలా. పాత తుండుగుడ్డను తడిపి గట్టిగా పిండి, ఆ భాగంమీద పరవండి. ఇస్త్రీపెట్టెను నూలు బట్టలకు పెట్టేంత వేడిమీద ఉంచి, గుడ్డమీద రెండు మూడు నిమిషాలు మెల్లగా కదుపుతూ ఉండండి. తడిగుడ్డ, కరెంటు కలిసిన పని కాబట్టి కాళ్ళకు చెప్పులు ఉండాలి, ఇస్త్రీపెట్టె తీగకు చిరుగులు ఉండకూడదు. ఆవిరి లోపలికి దిగాక, పెయింటర్లు లప్పం పెట్టడానికి వాడే వెడల్పాటి రేకును, అంచు మొద్దుబారి ఉన్నదాన్ని, పొర కింద దాదాపు పడుకోబెట్టినట్లు దూర్చి, చారల వెంబడి తోయండి. చారలకు అడ్డంగా తోస్తే పొర చీలుతుంది. కదలకపోతే బలం వాడకండి, ఇంకొక్కసారి వేడి పెట్టండి. సరేసు అయితే వెన్నలా వదులుతుంది, ఫెవికాల్ అయితే కాస్త సాగి వదులుతుంది. రెజిన్ అయితే వేడితో లొంగదు. ఉలితో కొద్దికొద్దిగా లేపి, మిగిలినదాన్ని గీకవలసిందే, అది వడ్రంగి చేతికే వదిలిపెట్టండి.

జానెడు మేరే పాడయింది కదా అని అంతవరకే కోసి కొత్తది అంటిస్తే, పాతకూ కొత్తకూ మధ్య అడ్డగీత జీవితాంతం కనబడుతుంది. చారలవెంట వచ్చే అతుకు చారల్లో కలిసిపోతుంది, చారలకు అడ్డంగా వచ్చే అతుకు ఎంత నేర్పుతో చేసినా దాగదు. అందుకని రెండే మార్గాలు. ఒకటి, ఆ పక్క పలకకు పైనుంచి కిందిదాకా పొరంతా మార్చడం. రెండు, నీరు తాకిన గీతకు కొంచెం పైన తిన్నగా కోసి, అతుకుమీద సన్నటి టేకు బీడింగు (అంచుపట్టీ) కొట్టి, అదే బీడింగును కుడిపక్క కూడా అదే ఎత్తులో కొట్టించడం. రెండోది చేస్తే బల్లకు మొదటినుంచీ అలాంటి నమూనా ఉన్నట్లే కనబడుతుంది. నేనయితే రెండోదే చేస్తాను, ఎందుకంటే బాగున్న పొరను ఊడదీయడానికి నాకు చేతులు రావు. పైగా పలకకు ఒకవైపు మొత్తం పొర తీసి చాలాకాలం అలా వదిలేస్తే రెండోవైపు పొర లాగి పలక వంగే ప్రమాదం కూడా ఉంది.

ఇప్పుడు ఎడమ పక్కతో మొదలుపెట్టమన్న కారణం. ఊడదీసిన పొరలో నీటికి పూర్తిగా పాడుకాని ముక్కలు కొన్ని తప్పక ఉంటాయి. వాటిని పారేయకండి. వెనక అంటిన జిగురును గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, రెండు ప్లైవుడ్ ముక్కల మధ్య పాత కాగితాలు వేసి, బరువు పెట్టి రెండు రోజులు ఆరనివ్వండి. మీ సొరుగుకు కావలసిన అతుకు అదే. అరవై ఏళ్ళ వెలుతురు చూసిన టేకు రంగు, ఇవాళ దుకాణంలో కొన్న టేకు రంగు ఒకటి కాదు. కొత్త టేకు మొదట పాలిపోయి, ఒక్కోసారి పచ్చచాయతో ఉండి, గాలికి వెలుతురుకు క్రమంగా బంగారు రంగు తిరుగుతుంది. అదే బల్లనుంచి తీసిన ముక్కకు రంగూ సరిపోతుంది, మందమూ సరిపోతుంది. ఒకవేళ అలాంటి ముక్క దక్కకపోతే, అద్దం చట్రం వెనక దాగి ఉండే భాగం నుంచి చిన్న ముక్క తీసుకుని, అక్కడ కొత్తది వేసినా తప్పులేదు.

పక్క చెక్కకు కావలసిన కొత్త వెనీరును మాత్రం కొనాలి. ప్లైవుడ్ దుకాణాల్లో 8 అడుగులకు 4 అడుగుల షీట్లుగా ఇస్తారు. జానెడు మేరకు అంత షీటు దండగ అనుకుంటే, నమూనా పుస్తకాల్లోంచి తీసేసిన ముక్కలు ఉన్నాయేమో అడగండి. రాణిగంజ్‌లో ఒక దుకాణదారు నాకు అలాంటివి ఒక కట్ట ఊరికే ఇచ్చాడు. లేదంటే గురువారం పొద్దున్నే జుమ్మేరాత్ బజారుకు వెళ్ళి, కాలు విరిగిన పాత టేకు బల్ల ఏదైనా దొరుకుతుందేమో చూడండి. దానిమీది పొర మీ బల్ల వయసుకు దగ్గరగా ఉంటుంది. అక్కడ బేరం చేయడం మీకు నేను నేర్పనక్కరలేదు.

అంటించే ముందు, పొర కింద ఉండే దిమ్మమీది పాత జిగురునంతా తీసేయాలి. ఇక్కడే చాలామంది బద్ధకిస్తారు. పాత జిగురుమీద కొత్త జిగురు పట్టదు. పట్టినట్లు కనబడి, వచ్చే ఎండాకాలానికి లేస్తుంది. సరేసు అయితే గోరువెచ్చని నీటి గుడ్డతో, మిగతావి గీకి, 120 నంబరు గరుకు కాగితం చెక్కదిమ్మకు చుట్టి చేత్తో రుద్దండి. వాననీటితో వచ్చిన ఒండ్రు సందుల్లో ఉంటే పాత టూత్‌బ్రష్షుతో తీసి, రెండు మూడు రోజులు నీడన ఆరనివ్వండి. కొత్త పొరను అన్ని వైపులా అర అంగుళం ఎక్కువ కోసుకుని, మామూలు తెల్ల ఫెవికాల్‌ను దిమ్మకు పలుచగా, సమంగా రాసి, పొర పరిచి, మధ్యనుంచి అంచులకు గుడ్డముద్దతో అదిమి, పైన ప్లాస్టిక్ కాగితం, దానిపైన తిన్నటి ప్లైవుడ్ ముక్క వేసి, షికంజాలతో (వడ్రంగులు వాడే క్లాంపులతో) ఒకరోజంతా బిగించండి. మిగిలిన అంచును మరునాడు కత్తిరించవచ్చు. సన్‌మైకాకు వాడే పసుపుపచ్చటి రబ్బరు జిగురు ఈ పనికి వద్దు. అది అంటుకున్న క్షణంనుంచి పొరను అంగుళం కూడా జరపనివ్వదు, పైగా తరువాత వేసే పాలిష్‌లోని ద్రావకం పలుచటి పొరలోంచి దిగి ఆ జిగురునే మెత్తబరచగలదు.

సొరుగు అతుకులో చూపే నేర్పంతా కోతలోనే ఉంది. ఊడిన చోటు అంచులు ఎగుడుదిగుడుగా ఉంటాయి. దాన్ని చతురస్రంగా సరిచేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. చేయకండి. చతురస్రానికి రెండు గీతలు చారలకు అడ్డంగా వస్తాయి, అవి చొక్కాకు వేసిన మాసికలా కనబడతాయి. పడవ ఆకారంలో, లేదా చారల వెంబడి సాగిన బర్ఫీ ముక్కలా, రెండు కొనలూ చారలవైపు ఉండేటట్లు కోయాలి. అతుకు ముక్కను పాడైన చోటుమీద చారలు కలిసేటట్లు పెట్టి, కదలకుండా కాగితపు టేపు వేసి, కొత్త బ్లేడుతో రెండు పొరలనూ కలిపి ఒకేసారి కోయండి. ఒక్క దెబ్బకు తెగాలని నొక్కకూడదు. నాలుగైదుసార్లు తేలికగా గీస్తే తనంతట తెగుతుంది. అప్పుడు గుంట ఆకారం, అతుకు ఆకారం వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతాయి. అంటించేముందు ముక్కను ఆ గుంటలో పెట్టి, కిటికీ వైపు తిరిగి ఒకసారి, దీపం కింద ఒకసారి చూడండి. చెక్క పోగులు వెలుతురును ఒకవైపు నుంచి మింగి ఇంకోవైపు నుంచి విసురుతాయి. అదే ముక్కను తలకిందులు చేసి పెడితే ఒక చాయ ముదురుగా కనబడవచ్చు. ఏ దిక్కున బాగా కలిసిపోతే ఆ దిక్కున చిన్న బాణం గుర్తు పెన్సిలుతో వేసుకుని అప్పుడు అంటించండి.

వడ్రంగులు కొందరు ఇలాంటి చిన్న గుంటకు రంపపు పొట్టును ఫెవికాల్‌లో కలిపి మెత్తుతారు. ఆవగింజంత చిల్లుకు అది పనికివస్తుంది గాని, బొటనవేలంత చోటుకు కాదు. ఎండిన ఫెవికాల్ పాలిష్ రంగును పీల్చదు, ఎంత పూసినా అక్కడ ఒక మచ్చ ఉండిపోతుంది.

ఇక పైబల్ల బొబ్బలు. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూసినట్లు, గోరుతో బల్లంతా తట్టుకుంటూ వెళ్ళండి. అతుక్కుని ఉన్నచోట గట్టి చప్పుడు, వదిలినచోట డొల్ల చప్పుడు వస్తుంది. కంటికి మూడు బొబ్బలు కనబడితే చెవికి అయిదారు దొరుకుతాయి. ప్రతి దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. గ్లాసు పరీక్షలో మీ జిగురు సరేసో, ఫెవికాలో అని తేలితే, ముందు ఇస్త్రీ పద్ధతి చూడవచ్చు. బొబ్బమీద గోధుమరంగు కాగితం, దానిమీద కొంచెం చెమ్మ ఉన్న పాత పంచె గుడ్డ మడత వేసి, పట్టుబట్టలకు పెట్టేంత వేడితో పది సెకన్లు అదిమి, తీసి చూసి, మళ్ళీ అదమండి. పొర కిందికి దిగినట్లు అనిపించగానే తిన్నటి చెక్క పెట్టి, పూర్తిగా చల్లారేదాకా బరువు ఉంచాలి. వేడిగా ఉండగా వదిలేస్తే అది మళ్ళీ లేస్తుంది. వేడికి పాలిష్ తెల్లగా మసకబారితే కంగారుపడకండి. అది లక్కపాలిష్ అయితే తరువాత స్పిరిటు గుడ్డతో సరిపోతుంది.

ఇస్త్రీకి లొంగని బొబ్బలకు శస్త్రచికిత్సే. కొత్త షేవింగు బ్లేడుతో, బొబ్బ మధ్యలో ఉన్న ఒక ముదురు చారను ఎంచుకుని, దానివెంటే, బ్లేడును కాస్త ఏటవాలుగా పట్టి కోయండి. ఏటవాలు కోత అంచులు ఒకదానిమీద ఒకటి కూర్చుంటాయి గనుక గీత కనబడదు. ఎండి పెళుసైన పొరను ఒక్కసారిగా ఎత్తితే విరుగుతుంది. కోసేముందే గోరువెచ్చని తడిగుడ్డ అయిదు నిమిషాలు వేసి ఉంచితే మెత్తబడుతుంది. లోపలి దుమ్మును, ఎండిన జిగురు పెచ్చులను పలుచటి చాకు కొనతో గీకి ఊదేయండి. మందుల దుకాణంలో దొరికే 5 మిల్లీలీటర్ల సిరంజిలో, లావుపాటి సూది పెట్టి, కొద్దిగా నీళ్ళు కలిపిన ఫెవికాల్ ఎక్కించి, కోతకు రెండువైపులా లోపలికి పంపండి. అంచులనుంచి కోతవైపు వేలితో ఒత్తుకుంటూ వస్తే ఎక్కువైన జిగురు తెల్లటి పూసల్లా బయటికి వస్తుంది. దాన్ని వెంటనే తడిగుడ్డతో తుడవాలి, ఎండితే అక్కడ పాలిష్ ఎక్కదు. పైన ప్లాస్టిక్ కాగితం, దానిపైన ప్లైవుడ్ ముక్క, దానిపైన 25 కిలోల బియ్యం బస్తా. ఇటుకలకన్నా, రుబ్బురోలు పొత్రంకన్నా బియ్యం బస్తా మేలని నా అనుభవం. బల్లమీద పరుచుకుని కూర్చుంటుంది, పక్కకు దొర్లి అద్దం బద్దలు కొట్టదు. మరునాటిదాకా దాన్ని కదపకండి, ఆ పూట అన్నానికి బియ్యం ముందే తీసి పెట్టుకోండి.

అంతా ఆరాక పైబల్లను మెరిపించాలన్న కోరిక కలుగుతుంది. మిషను మాట మళ్ళీ ఎత్తకండి. 220, ఆ తరువాత 320 నంబరు కాగితాలు, చేత్తో, చారల వెంబడి, అతుకుల దగ్గర మాత్రమే. అంచుల దగ్గర, మూలల దగ్గర చెయ్యి తేలికగా ఉండాలి, పొర ముందుగా అరిగేది అక్కడే. పాత పాలిష్ ఏదో తెలుసుకోవడానికి కనబడని చోట ఒక చుక్క స్పిరిటు వేసి వేలితో తాకండి; అంటుకుంటే లక్క. 1964 బల్లకు చాలావరకు అదే అయి ఉంటుంది. హార్డ్‌వేర్ దుకాణాల్లో చప్డా అని అడిగితే ఇచ్చే లక్క రేకులను స్పిరిటులో రాత్రంతా నానబెట్టి, బట్టలో వడకట్టి, దూదిని నూలుగుడ్డలో మూటకట్టి దానితో పలుచగా పూత మీద పూత పూయడమే పాత పద్ధతి. ముసురు పట్టిన రోజున ఆ పని పెట్టుకుంటే పూత తెల్లబడుతుంది. స్పిరిటు తేలికగా అంటుకుంటుంది, తాగితే విషం. పొయ్యి ఉన్న గదిలో వద్దు, నీళ్ళ సీసాలో పోసి ఉంచవద్దు. మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) అనే రసాయనిక పూతలు గట్టివే గాని, వాటిని వేశాక రేపు మళ్ళీ బొబ్బ లేస్తే మరమ్మతు చేయడం కష్టం.

సన్‌మైకా విషయంలో మీ వడ్రంగిని తప్పుపట్టను. వేడి గిన్నెలు దించే భోజనాల బల్లకు, పిల్లలు రాసే బల్లకు అది చక్కని పనే. అతనికి అది చేయి తిరిగిన పని, ఒక పూటలో ముగుస్తుంది. నేను చెప్పినదానికి వారం పడుతుంది, మజూరీ కూడా ఎక్కువ అడుగుతాడు, అడగడంలో న్యాయం ఉంది. పని ఒప్పుకుంటే మూడు మాటలు మాత్రం ముందే చెప్పి ఒప్పించండి: ఊడిన ముక్క ఏదీ బయట పారేయకూడదు, పైబల్లకు మిషను తాకించకూడదు, అతుకు చతురస్రంగా కోయకూడదు. ఈ మూడూ వినగానే అతను నవ్వి, “పాత పని తెలిసినవాళ్ళు చెప్పారా?” అని అడిగితే, అతని చేతిలో బల్లను ధైర్యంగా పెట్టవచ్చు.

కొబ్బరినూనె సంగతి మిగిలింది. నూనె చెక్కకు ఆహారం అని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం ఉంది. పాలిష్ చెక్కుచెదరకుండా ఉన్నచోట అది లోపలికి పోదు, పైన జిడ్డుగా నిలిచి దుమ్మును పట్టుకుంటుంది. పాలిష్ పగిలినచోట, బొబ్బ చిట్లినచోట మాత్రం లోపలికి దిగి, అక్కడ జిగురు పట్టకుండా చేస్తుంది. అందుకని అతికించే వారం ముందునుంచి నూనె గుడ్డ ఆపాలి, కోతలు పెట్టే చోట్ల స్పిరిటులో ముంచిన దూదితో ఒకసారి తుడవాలి. స్పిరిటు తగిలినచోట పాత లక్క కాస్త చెదురుతుంది, చివరి పూతతో కలిసిపోతుంది. ఆ తరువాత తుడవడానికి పొడి మెత్తటి గుడ్డ చాలు. మెరుపు కావాలంటే ఏడాదికి రెండుసార్లు కొంచెం తేనెమైనపు పాలిష్ పూసి రుద్దవచ్చు. ఈ మాట మీ అత్తగారికి ఎలా చెప్పాలన్నది నాకన్నా మీకే తెలుసు. ఆ మైనపు డబ్బా, మెత్తటి గుడ్డ ఆవిడ చేతికే ఇచ్చి, కూలర్‌ను మాత్రం గదిలో అవతలి గోడకు మార్పించండి.